ముందు గేరు గట్టిగా పడుతోందా? ముందు కేబుల్ విప్పి చూడండి

విశాఖలో ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా మాతో తొక్కే మాస్టారు ఒకాయన ఉన్నారు. రిటైరయ్యాక రోడ్ బైక్ కొనుక్కుని, మాలో చాలామందికంటే క్రమం తప్పకుండా వస్తారు. అలాంటి మనిషి ఆర్నెల్లుగా ముందు పెద్ద రింగ్ (పెడళ్ల దగ్గరుండే పెద్ద పళ్లచక్రం) వాడటమే మానేశారు. చదునైన రోడ్డు మీద కూడా చిన్న రింగ్‌లోనే గబగబా కాళ్లు ఆడిస్తూ వెనకబడిపోతున్నారు. ఏమైందని అడిగితే, "ఎడమ లీవర్ నొక్కితే మణికట్టు లాగేస్తోందోయ్, వయసు మీద పడింది కదా" అన్నారు.

ఆ మాట వినలేకపోయాను. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి, వరండాలో సైకిల్‌ను గోడకు ఆనించి, ముందు గేరు కేబుల్ విప్పాను. హ్యాండిల్ టేపు కింద ఉన్న గొట్టంలోంచి తీగను బయటికి లాగుతుంటే మొదట రాలేదు. గట్టిగా లాగితే బరబరమంటూ వచ్చింది. అరచేతిలో ఇటుకపొడిలా తుప్పు రాలింది. సముద్రపు గాలి, రెండు వర్షాకాలాలు, రోజూ చేతి చెమట, అన్నీ ఆ బెత్తెడు గొట్టంలో పేరుకుపోయాయి. కొత్త కేబుల్, కొత్త గొట్టం వేశాక మాస్టారు ఒక్క వేలితో పెద్ద రింగ్ మీదకు చైన్ ఎక్కించారు. వయసుకు ఇందులో ఏ సంబంధమూ లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, గేరు గట్టిపడగానే మనలో చాలామంది మొదట చేసే పని డీరైలర్ (చైన్‌ను పక్కకు నెట్టి గేరు మార్చే భాగం) మీదున్న రెండు చిన్న స్క్రూలను తిప్పడం. మామూలుగా ఆ స్క్రూలు గట్టితనాన్ని తగ్గించేవి కావు. చైన్ ఎంతదూరం పోవచ్చో హద్దు గీసేవి మాత్రమే. అవి తిప్పేస్తే ఉన్న తప్పు అలాగే ఉండి, కొత్త తప్పు ఇంకొకటి తోడవుతుంది. కాబట్టి స్క్రూ జోలికి పోకముందు కేబుల్ విప్పండి. గట్టితనం ఎక్కడుందో వేళ్లతో తడిమి తెలుసుకోండి. మిగతాదంతా ఆ తర్వాతే.

కొంత బరువు సహజమే

ముందు గేరు వెనక గేరంత తేలిగ్గా ఎప్పుడూ పడదు. మామూలు కాంపాక్ట్ రోడ్ బైక్‌లో చిన్న రింగ్‌కు 34 పళ్లు, పెద్దదానికి 50. అంటే చైన్ ఒక్క ఊపులో 16 పళ్ల తేడా ఎక్కాలి. పైగా వెనక డీరైలర్ చైన్‌ను కింది వైపు, వదులుగా ఉన్న చోట కదిలిస్తుంది. ముందు డీరైలర్ పై వైపు, మన కాలి బలం మోస్తూ బిగుసుకున్న చైన్‌నే పక్కకు తోయాలి. దాని స్ప్రింగ్ కూడా గట్టిది. అందుకే ఎడమ లీవర్‌కు కొంచెం ఎక్కువ బలం పడితే కంగారుపడనక్కర్లేదు. అయితే అరచెయ్యి మొత్తం తిప్పి తోయాల్సి వస్తున్నా, హుడ్ (లీవర్ మీది రబ్బరు తొడుగు) మీద పట్టు వదిలితే గానీ గేరు పడకపోయినా, మొన్నటిదాకా తేలిగ్గా ఉన్నది ఇప్పుడు బరువెక్కినా మరమ్మతు కావాల్సిందే.

పని మొదలుపెట్టే ముందు ఒక గుర్తు పట్టుకోండి. సైకిల్ వెనక చక్రం నేలకు తగలకుండా ఎత్తి, చేత్తో పెడల్ తిప్పుతూ, ముందు గేరు పైకీ కిందకీ వేసి చూడండి. పెద్ద రింగ్‌కు ఎక్కించేటప్పుడు గట్టిగా ఉండి, కిందకు దించే చిన్న లీవర్ నొక్కగానే టక్కున కిందకు దిగిపోతుంటే, రాపిడి పెద్దగా లేదన్నమాట. తప్పు బిగింపులో ఉండొచ్చు. ఎక్కేటప్పుడు గట్టిగానూ, దిగేటప్పుడు ఆలస్యంగానూ ఉంటే ఎక్కడో ఏదో పట్టేస్తోంది. స్ప్రింగ్ కూడా దాన్ని వెనక్కి లాగలేకపోతోంది. ఈ రెండో గుర్తు కనిపిస్తే నేను నేరుగా కేబుల్‌నే అనుమానిస్తాను.

కావలసినవి

4, 5 మి.మీ. అలెన్ కీలు, కొత్త తరం షిమానో కంపెనీ డీరైలర్ అయితే 2 మి.మీ. కీ కూడా. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, పాత టూత్ బ్రష్, నూలు గుడ్డలు, పల్చటి నూనె. నూనెకు ప్రత్యేకమైన డబ్బా ఏమీ అక్కర్లేదు, కుట్టు మిషన్ నూనె చాలు. కొబ్బరి నూనె మాత్రం వద్దు. చలికాలం పొద్దున్నే పేరుకుపోయి, దుమ్ము పట్టి, జిగురులా తయారవుతుంది. కేబుల్ మార్చే పరిస్థితి వస్తే సైకిల్ కేబుల్ కట్టర్ ఒకటి కావాలి. ఇంట్లో ఉండే కటింగ్ ప్లయర్‌తో గేరు గొట్టం కోస్తే మూతి నలిగిపోతుంది. ఆ నలిగిన మూతే మళ్లీ గట్టితనానికి మొదలవుతుంది.

ఎలక్ట్రానిక్ గేర్లున్నవాళ్లకు ఈ పని అవసరం లేదు. ఇది తీగతో నడిచే గేర్ల సంగతి.

కేబుల్ విప్పి మూడు చోట్లా తడమండి

పెడల్ తిప్పుతూ ఎడమ చిన్న లీవర్‌ను రెండు మూడుసార్లు నొక్కి చైన్‌ను చిన్న రింగ్ మీదకు దించండి. ఇక క్లిక్ రాదనే దాకా నొక్కండి. రోడ్ బైక్ ఎడమ లీవర్‌లో రెండు పెద్ద మెట్ల మధ్య ట్రిమ్ అనే సగం మెట్లు కూడా ఉంటాయి. అక్కడ ఆగిపోతే తర్వాత లెక్కలన్నీ తప్పుతాయి. వెనక అతి పెద్ద పళ్లచక్రం మీద చైన్ ఉంచండి.

ఇప్పుడు డీరైలర్ దగ్గర కేబుల్‌ను పట్టి ఉంచే బోల్టును ఫోన్‌తో దగ్గరగా రెండు ఫొటోలు తీయండి. తీగ బోల్టుకు ఏ పక్కగా వెళ్తోందో, ఏ గాడిలో కూర్చుందో స్పష్టంగా కనబడాలి. ఈ ఫొటో తర్వాత చాలా పనికొస్తుంది. తీశాక బోల్టు వదులు చేసి కేబుల్ విడిపించండి.

మొదట డీరైలర్. బొటనవేలితో దాన్ని బయటికి, పెద్ద రింగ్ వైపు నెట్టండి. స్ప్రింగ్ గట్టిగానే ఎదురు నెడుతుంది. చూడాల్సింది గట్టితనం కాదు, నునుపు. మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా కదలాలి, వేలు తీయగానే చటుక్కున వెనక్కి రావాలి. మధ్యలో ఆగినా, నీరసంగా వెనక్కి వచ్చినా కీళ్లలో తుప్పో మట్టో ఉంది.

రెండోది లీవర్. ఒక చేత్తో కేబుల్ కొసను కొంచెం బిగువుగా పట్టుకుని, రెండో చేత్తో లీవర్ నొక్కండి. బరువేమీ లేదు కాబట్టి ఇప్పుడు దూదిలా పోవాలి. అప్పుడు కూడా మొరాయిస్తే తప్పు లీవర్ లోపలుంది. కొసను పట్టుకోకుండా ఉత్తినే నొక్కితే లోపల కేబుల్ తల తన గూటిలోంచి జారిపోవచ్చు, జాగ్రత్త.

మూడోది కేబుల్. లీవర్‌ను మళ్లీ కింది మెట్టుకు తెచ్చాక, ఫ్రేమ్ కింది గొట్టం మీద ఔటర్, అంటే పై తొడుగు, ఆగే చోటు ఒకటి ఉంటుంది. కేబుల్ ఇప్పుడు వదులుగా ఉంది కాబట్టి ఔటర్‌ను ఆ గూటిలోంచి బయటికి తీయవచ్చు. తీసి, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఇన్నర్ తీగ మీద ముందుకూ వెనక్కూ జరపండి. కళ్లు మూసుకుని చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మంచి కేబుల్ అయితే తడి సబ్బు మీద వేలు జారినట్టు ఉంటుంది. చెడిపోయినదైతే ఇసుక మీద ఈడ్చినట్టు బరబరమంటుంది. దాగి ఉన్న తీగ కొంత బయటపడుతుంది కదా, అక్కడ తుప్పు మచ్చలు, తెగిన పోగులు ఉన్నాయేమో చూడండి. ఒక్క పోగు తెగి లేచి ఉన్నా ఆ కేబుల్ పని అయిపోయినట్టే.

కేబుల్ దగ్గర తేలితే

ఎక్కువసార్లు ఇక్కడే తేలుతుంది. అందుకే ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి.

మార్చేయాలని నిర్ణయించుకునే ముందు ఒక చోటు చూడాలి. సైకిల్‌ను పక్కకు వంచి, క్రాంకులు (పెడళ్లను పట్టి ఉంచే చేతులు) తిరిగే గొట్టం అడుగున చూడండి. అక్కడ స్క్రూతో బిగించిన చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాని రెండు గాళ్లలోంచి ముందు గేరు, వెనక గేరు తీగలు మలుపు తిరుగుతాయి. ముందు చక్రం ఎగజిమ్మే బురదంతా, మనం తాగుతూ సీసాలోంచి ఒలకబోసే గ్లూకోజ్ నీళ్లతో సహా చేరేది అక్కడికే. తీగను పక్కకు తీసి, టూత్ బ్రష్‌తో తోమి, తడి గుడ్డతో తుడిచి, ఆరాక ఒక చుక్క నూనె వేయండి. ప్లాస్టిక్‌లో తీగ కోసుకుపోయి లోతైన గాడి పడి ఉంటే ముక్కనే మార్చేయండి. చాలా చవకైన వస్తువు. కొన్ని సైకిళ్లకు ఈ శుభ్రం ఒక్కటే సరిపోతుంది, కేబుల్ మార్చే పనే ఉండదు. కేబుళ్లు ఫ్రేమ్ లోపలి నుంచి వెళ్లే సైకిళ్లలో కూడా చాలావాటికి ఆ గొట్టం అడుగున మూత ఉంటుంది, విప్పి చూడొచ్చు.

అది శుభ్రంగా ఉండి, హ్యాండిల్ దగ్గర ఔటర్‌లో బరబర ఉంటే నూనె పోసి సర్దిపెట్టడానికి చూడకండి. నూనె పోస్తే వారం రోజులు బాగుంటుంది. ఆ తర్వాత లోపలి తుప్పుపొడి, నూనె కలిసి ముద్దవుతాయి. షిమానో గేరు ఔటర్లు లోపల గ్రీజుతోనే వస్తాయి, కొత్తవాటికి మనం ఏమీ పోయనక్కర్లేదు. ఇన్నర్, ఔటర్ రెండూ కలిపి మార్చండి. కొత్త ఇన్నర్‌ను పాత ఔటర్‌లో దూర్చడం కొత్త బట్టలు మురికి నీళ్లలో జాడించడం లాంటిది.

షాపులో అడిగేటప్పుడు "సైకిల్ కేబుల్" అని ఊరికే అడగకండి. గేరు ఇన్నర్ 1.2 మి.మీ., బ్రేకు ఇన్నర్ 1.6 మి.మీ. దాకా లావు. గేరు ఔటర్ మామూలుగా 4 మి.మీ., బ్రేకు ఔటర్ 5 మి.మీ. లావు ఒక్కటే తేడా కాదు. బ్రేకు ఔటర్‌ను కోసి చూస్తే లోపల తీగ స్ప్రింగులా చుట్టలు చుట్టి ఉంటుంది. గేరు ఔటర్‌లో సన్నటి తీగలు నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి పొడుగునా పరిచి ఉంటాయి. చుట్టలున్నది నొక్కితే కుదించుకుపోతుంది, నిలువు తీగలున్నది కుదించుకోదు. గేరుకు మిల్లీమీటర్ల లెక్క ముఖ్యం కాబట్టి కుదించుకోనిదే కావాలి.

ఇది నేను అనుభవించి తెలుసుకున్నాను. ఒకసారి ఊళ్లో ఒక షాపులో నా సైకిల్‌కు ముందు గేరు ఔటర్ మార్పిస్తే బ్రేకు ఔటర్ వేసి ఇచ్చారు. లీవర్ రబ్బరు నొక్కినట్టు మెత్తగా పోయేది, చివర్లో మాత్రం రాయిలా గట్టిపడేది, అయినా చైన్ ఎక్కేది కాదు. రెండు నెలలు డీరైలర్‌నే అనుమానిస్తూ తిరిగాను. చివరికి ఔటర్ మూతి చూస్తే చుట్టలు కనిపించాయి. దీనికి తిరగేసినది మరీ ప్రమాదం. గేరు ఔటర్‌ను బ్రేకుకు ఎప్పుడూ వేయకూడదు. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు ఆ నిలువు తీగలు చీలిపోయి బయటికి వచ్చేస్తాయి, బ్రేకు ఉండదు.

పాత కేబుల్ తీయడం ఇలా. కొసన ఉన్న చిన్న లోహపు టోపీని కత్తిరించేయండి. లీవర్ కింది మెట్టులో ఉంచి, రబ్బరు హుడ్‌ను మడిచి, తీగను లీవర్ వైపు నెడితే దాని తల బయటికి వస్తుంది. కొన్ని మోడళ్లలో బ్రేకు లీవర్‌ను నొక్కి పట్టుకుంటే గానీ ఆ రంధ్రం కనిపించదు. ఫ్రేమ్ లోపలి నుంచి వెళ్లే కేబుల్ అయితే ఇన్నర్ లాగేయడానికి ముందే దాని మీదుగా సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని అటు చివర నుంచి ఇటు చివర దాకా ఎక్కించండి. కొత్త తీగకు అదే దారి చూపిస్తుంది. ఇది మరిచిపోయి లాగేస్తే ఒక సాయంత్రమంతా అయస్కాంతంతో వెతుక్కోవాల్సి వస్తుంది.

బయటికి వచ్చిన తీగలో తల పక్కన రెండు మూడు అంగుళాలు జాగ్రత్తగా చూడండి. గేరు కేబుల్ టేపు కిందుగా వెళ్లే పద్ధతిని షిమానో 2008లో డ్యూరా-ఏస్ 7900 అనే గేర్ల సెట్టుతో మొదలుపెట్టింది, తర్వాత మెల్లగా చవకైన క్లారిస్ సెట్టు దాకా వచ్చింది. చూపుకు బాగుంటుంది కానీ, తీగ లీవర్ లోపలే ఇరుకైన మలుపు తిరగాలి. పోగులు తెగడం అక్కడే మొదలవుతుంది. తెగిన పోగు లోపల గుచ్చుకుంటూ లీవర్‌ను గట్టిపరుస్తుంది. పూర్తిగా తెగిపోతే తల లోపలే ఇరుక్కుంటుంది, దాన్ని బయటికి తీయడం చాలా కష్టం. తేలిగ్గా ఉన్న గేరు ఉన్నట్టుండి బరువెక్కితే, ఇంకో రైడ్ చూద్దాంలే అనుకోకుండా ఆ రోజే కేబుల్ తీసి చూడమనేది ఇందుకే.

ఔటర్‌ను పాతదాని పొడవుకే కోయండి, పాతది సరిగ్గా ఉండి ఉంటే. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు ఔటర్ లాగినట్టు బిగుసుకోకూడదు, పక్కకు పొడుచుకుని కూడా రాకూడదు. కోశాక మూతిని ఆకురాయితో చదును చేయండి. లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోయి ఉంటుంది, పిన్నీసు మొనతో గుండ్రంగా తెరవండి. రెండు చివరలా టోపీలు తొడగండి. టోపీ లేకుండా ఔటర్‌ను నేరుగా గూట్లో కూర్చోబెడితే కొన్ని వారాల్లో నిలువు తీగలు ముందుకు పొడుచుకువస్తాయి. ఇన్నర్ దూర్చాక, బిగించకముందే ఇందాకటిలాగే జరిపి చూడండి. ఈ దశలో నునుపుగా లేకపోతే బిగించాక అసలే ఉండదు. టేపు చుట్టడం అన్నిటికంటే ఆఖరున పెట్టుకోండి.

డీరైలర్‌లోనో లీవర్‌లోనో తేలితే

డీరైలర్ కీళ్లకు మందు తేలిక. బ్రష్‌తో మట్టి వదిలించి, నాలుగు కీళ్లలోనూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, బొటనవేలితో ఓ యాభైసార్లు అటూఇటూ ఆడించండి. నల్లటి రసం కారడం ఆగేదాకా తుడవండి. ఆ స్ప్రే తుప్పు వదిలిస్తుందే గానీ ఎక్కువ కాలం నిలవదు. అందుకని పొడి గుడ్డతో తుడిచాక ఒక్కో కీలుకు ఒక్కో చుక్క నూనె వేయండి. అలా చేసినా మధ్యలో ఆగుతుంటే, చైన్‌కు రెండు పక్కలా ఉండే దాని రేకులు వంకరపోయి ఉంటే మార్చడమే మంచిది.

లీవర్ లోపల సాధారణంగా పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది. ఏళ్ల తరబడి వాడకుండా మూలన పడున్న సైకిళ్లలో ఇది మరీ ఎక్కువ. హుడ్ మడిచి, స్ప్రే డబ్బా సన్న గొట్టాన్ని లోపలికి చూపించి బాగా తడపండి. కింద గుడ్డ పట్టండి, బ్రేకు డిస్కు మీదో రిమ్ము మీదో ఒక్క చుక్క పడినా బ్రేకులు జారతాయి. రెండు లీవర్లనూ వంద సార్లు నొక్కండి, మళ్లీ తడపండి. మొదట పట్టని క్లిక్కులు మెల్లగా పట్టడం మొదలవుతుంది. తేలికపడ్డాక పల్చటి నూనె వేయండి. లీవర్‌ను మాత్రం విప్పకండి. లోపల సన్నటి స్ప్రింగులు, పళ్ల ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒకటి ఎగిరిపోతే లీవర్ మొత్తం పోయినట్టే.

మూడూ బాగున్నాయి, కలిపితే గట్టిగా ఉంది

ఇలా కూడా జరుగుతుంది. విడివిడిగా అన్నీ నునుపుగా ఉంటాయి, బిగించగానే బరువు. అప్పుడు ఇందాక తీసిన ఫొటో తెరవండి.

డీరైలర్ చెయ్యి ఒక మీట లాంటిది. బావి దగ్గర ఏతం గుర్తు చేసుకోండి. ఇరుసుకు దూరంగా లాగితే తేలిక, దగ్గరగా లాగితే బరువు. కేబుల్ బోల్టుకు బయటి పక్క, తన కోసం చేసిన గాడిలో కూర్చోవాల్సింది పొరపాటున లోపలి పక్కగా, అంటే ఇరుసుకు దగ్గరగా బిగిస్తే, తేడా కొన్ని మిల్లీమీటర్లే అయినా చేతికి పడే బరువు చాలా పెరుగుతుంది. బోల్టు వాషర్ మీద, డీరైలర్ చెయ్యి మీద గాడి ఎటుందో చూసి అందులోనే పెట్టండి. షిమానో 11 స్పీడ్ గేర్ల సెట్లు 105 5800, అల్టెగ్రా 6800 తరంలో వచ్చిన పొడుగు చెయ్యి డీరైలర్లకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. వాటిలో కేబుల్ వచ్చే కోణాన్ని బట్టి దాన్ని నడిపే దారి మారుతుంది. ఆ దారి తేల్చడానికే షిమానో ఒక చిన్న పరికరం కూడా తయారుచేసింది. తర్వాతి తరం 105 ఆర్7000 లాంటివాటిలో చెయ్యి పొట్టిది, కేబుల్ బిగువు సర్దే స్క్రూ డీరైలర్‌లోనే ఉంటుంది. వీటికి మీ మోడల్ మాన్యువల్ చూసి చేయండి. షిమానో వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉంచింది.

ఇక డీరైలర్ ఎత్తు. పెద్ద రింగ్ పళ్ల కొనలకూ, బయటి రేకు అడుగు అంచుకూ మధ్య 1 నుంచి 3 మి.మీ. ఖాళీ ఉండాలి. రేకు సరిగ్గా పెద్ద రింగ్ మీదికి వచ్చేట్టు చేత్తో నెట్టి పట్టుకుని చూస్తే తెలుస్తుంది. అంతకన్నా ఎత్తులో ఉంటే రేకు చైన్‌ను సరైన చోట తోయలేదు, మనం లీవర్‌ను ఇంకా ఇంకా తోస్తాం. పైనుంచి చూసినప్పుడు రేకులు రింగ్‌కు సమాంతరంగా ఉండాలి. వంకరగా ఉంటే ఫ్రేమ్‌కు పట్టి ఉంచే బోల్టు వదులు చేసి సరిచేయండి.

పెద్ద రింగ్‌ను ఎప్పుడైనా విప్పి బిగించి ఉంటే ఇంకొకటి కూడా చూడండి. దాని లోపలి వైపు చైన్‌ను పైకి ఎత్తుకునే చిన్న మేకులు, వాలులు ఉంటాయి. బయటి వైపు ఒక మేకు విడిగా పొడుచుకుని ఉంటుంది, అది క్రాంక్ చేతి వెనక దాక్కోవాలి. వేరే చోట ఉంటే రింగ్ తిప్పి బిగించారన్నమాట, వాలులన్నీ తప్పు సమయంలో చైన్‌ను అందుకుంటాయి.

ఇప్పుడు బిగించే వరస

ఈ పని ఇదే వరసలో చేయండి, వెనకాముందు చేస్తే మళ్లీ మొదటికి రావాలి. ఇది మామూలు డీరైలర్లకు చెబుతున్నాను.

కేబుల్ ఇంకా తగిలించలేదు. చైన్ ముందు చిన్న రింగ్ మీద, వెనక అతి పెద్ద చక్రం మీద ఉంది. ఎల్ అని రాసున్న స్క్రూను తిప్పుతూ లోపలి రేకుకూ చైన్‌కూ మధ్య అర మిల్లీమీటరు ఖాళీ ఉండేట్టు పెట్టండి. అక్షరం చెరిగిపోయి ఉంటే రెండు స్క్రూలలో ఏది తిప్పితే డీరైలర్ కదులుతుందో అదే ఎల్.

లీవర్ కింది మెట్టులోనే ఉందని మళ్లీ ఒకసారి నొక్కి చూసుకోండి. కేబుల్ బిగువు సర్దే బ్యారెల్ ఉంటే పూర్తిగా లోపలికి తిప్పి, ఒకటి రెండు చుట్లు బయటికి విప్పండి. కేబుల్‌ను గాడిలో పెట్టి, కొసను చేత్తో సడలు లేకుండా లాగి, బోల్టు బిగించండి. ప్లయర్‌తో బలమంతా పెట్టి లాగకండి. అలా లాగితే డీరైలర్ ఎల్ స్క్రూ మీద కాకుండా కేబుల్ మీద వేలాడుతుంది, కిందకు దిగాల్సినప్పుడు దిగదు. బోల్టుకు 6 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. టార్క్ రెంచ్ లేకపోతే అలెన్ కీ పొట్టి చేతిని పట్టుకుని గట్టిగా బిగించండి.

ఫ్రేమ్ కింది గొట్టం వెంబడి బయటికి కనిపించే తీగను పట్టుకుని, నాలుగైదుసార్లు గట్టిగా బయటికి లాగండి. ఔటర్లు, టోపీలు తమ గూళ్లలో సర్దుకుంటాయి. సడలు వస్తే బోల్టు విప్పి మళ్లీ లాగి బిగించండి.

చక్రం ఎత్తి, పెడల్ తిప్పుతూ పెద్ద రింగ్‌కు ఎక్కించండి. సగంలో ఆగితే బ్యారెల్‌ను అర చుట్టు చొప్పున బయటికి విప్పుతూ బిగువు పెంచండి. అప్పటికీ లీవర్ గోడకు తగిలినట్టు ఆగిపోతుంటే రెండో స్క్రూ, అంటే హెచ్ స్క్రూ, మరీ లోపలికి ఉందని అర్థం. దాన్ని పావు చుట్టు చొప్పున వదులు చేయండి. కొన్ని సైకిళ్లలో నేను చూసిన "గట్టి గేరు" ఇదే. ఎవరో ఒకసారి చైన్ బయటికి పడిపోయిందని హెచ్ స్క్రూ బాగా బిగించి ఉంటారు. రైడర్ ఆ హద్దు మీదకు రోజూ లీవర్‌ను బలవంతంగా తోస్తూ ఉంటాడు, కేబుల్ సాగుతుంది, లీవర్ లోపలి పళ్లు అరుగుతాయి. చైన్ పెద్ద రింగ్ మీద, వెనక అతి చిన్న చక్రం మీద ఉన్నప్పుడు బయటి రేకుకూ చైన్‌కూ మధ్య అర మిల్లీమీటరు ఖాళీ ఉంటే హెచ్ సరిపోయినట్టే.

చివరగా రెండు రింగుల మీదా వెనక గేర్లన్నీ వేసి చూడండి. ఎక్కడైనా రేకు గరగరమంటే ముందు ట్రిమ్ క్లిక్ వాడండి, స్క్రూ కాదు.

రోడ్డు మీద

ఎంత బాగా బిగించినా, కాళ్ల మీద బలమంతా వేసి తొక్కుతూ గేరు వేస్తే గట్టిగానే పడుతుంది. పెద్ద రింగ్‌కు ఎక్కించేటప్పుడు ఒక సగం చుట్టు పెడల్ తేలిగ్గా తిప్పండి, చైన్ కదులుతూ ఉండాలి గానీ బిగుసుకుని ఉండకూడదు. వెనక మధ్య చక్రంలో ఉన్నప్పుడు వేస్తే ఇంకా సుఖం. లీవర్‌ను పొడిచినట్టు కాకుండా, చైన్ ఎక్కేదాకా ఒక క్షణం నొక్కి పట్టుకోండి. తొట్లకొండ ఎక్కేటప్పుడైనా, సింహాచలం ఘాట్‌లోనైనా చిన్న రింగ్‌కు మారడం ఎత్తు మొదలవకముందే అయిపోవాలి. ఎత్తు మధ్యలో, నిలబడి తొక్కుతూ మారిస్తే చైన్ లోపలికి పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

సముద్రం పక్కన తొక్కేవాళ్లు, ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను ఒకే చోట నిలిపి తొక్కే స్టాండు) మీద చెమటలు కారేలా తొక్కేవాళ్లు టేపు కింద ఉన్న కేబుల్‌ను ఏడాదికి ఒకసారి తప్పకుండా విప్పి చూడండి. ట్రైనర్ వాడేవాళ్లు హ్యాండిల్ మీద తువ్వాలు వేసుకోండి. చెమట ఉప్పు కేబుల్‌నే కాదు, టేపు కింద అల్యూమినియం హ్యాండిల్‌ను కూడా తినేస్తుంది.

కేబుల్ కొసను బోల్టు దాటాక రెండంగుళాలు ఉంచి కత్తిరించి, లోహపు టోపీ తొడిగి నొక్కండి. పోగులు విడిపోవు, పిక్కకు గుచ్చుకోవు. ఇక టేపు చుట్టేయొచ్చు. మొదటి రెండు మూడు రైడ్లలో కొత్త కేబుల్ కొంచెం సర్దుకుంటుంది. పెద్ద రింగ్‌కు ఎక్కడంలో బద్ధకం కనిపిస్తే బ్యారెల్‌ను అర చుట్టు బయటికి తిప్పండి, స్క్రూడ్రైవర్ తీయనక్కర్లేదు.